ఆకుపచ్చ పెట్టె మాత్రలు

తైనాన్,
మార్చి 6

గ్వాతెంగ్ అక్కకి,

నేను ఫోనులో అరిస్తే మా వీధి వీధంతా వింటుంది, నువ్వు తప్ప. పోయిన ఆదివారం ఎంత మొత్తుకున్నా చివరికి నువ్వు "సరే, ఎండు చేపలు పంపిస్తాలే" అని పెట్టేశావు. నేను చేపల ఊసే ఎత్తలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కళ్లజోడు పెట్టుకుని చదువు.

గొంతులో ఆ థైరాయిడ్ గ్రంథి కోసి తీసేసినప్పటి నుంచి పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటున్నాను కదా. ఇన్నేళ్లూ ఒకటే కంపెనీ, ఆకుపచ్చ పెట్టె. జనవరిలో మందుల షాపు ఓంగ్ గారు నా చేతిలో నీలం పెట్టె పెట్టాడు.

"ఇదేంటండీ?" అన్నాను.

"పాతది సరుకు రావట్లేదు సూహున్ గారూ. కంపెనీ వేరు, మందు అదే."

"అదే అయితే రంగెందుకు మార్చారు?"

"రంగు నేను మార్చలేదండీ," అన్నాడు పాపం.

అప్పటి నుంచి గుండె దడ, ఊరికే చెమటలు, అన్నిటికీ మించి చెయ్యి వణుకు. మొన్న రిటైరైన హెడ్‌మాస్టరు కూ గారికి గడ్డం గీస్తుంటే చెవి దగ్గర కత్తి ఉలిక్కిపడింది. ఆయన కళ్లు తెరవకుండానే "చెవి ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "అయితే కానీ," అన్నాడు. అంత నమ్మకం ఉన్న మనిషికి గాటు పెడితే నేను బతికి ఏం లాభం?

అసలు భయం అది కాదక్కా. మే నెలలో నీ మనవడు చిహావ్ భార్య పెయిజెన్ కంటుంది. నెల నిండిన రోజు ఆ బిడ్డ పుట్టు వెంట్రుకలు నేనే తీస్తానని మాటిచ్చాను. మన ఇంట్లో పుట్టిన ప్రతి తలా నా కత్తి కిందికి వచ్చిందే. పసిగుడ్డు మాడు ఎంత మెత్తగా ఉంటుందో నీకు తెలుసు. ఈ చేత్తో దాని మీద కత్తి పెట్టగలనా? ఇది మందు పనో, అరవై ఆరేళ్ల వయసు పనో తెలియక సతమతమవుతున్నాను. వయసు పనే అయితే నా మంగలి షాపు మూసెయ్యాల్సిందే.

నీ చెల్లెలు,
సూహున్

---

మాగోంగ్,
మార్చి 17

సూహున్‌కి,

ఉత్తరం గాలికి కొట్టుకుపోయి పక్కింటి వాళ్ల వల మీద పడితే తెచ్చుకుని చదివాను. ఈ దీవిలో మార్చి నెల సంగతి నీకు తెలియనిది కాదు.

వయసు పని అని ఇంకోసారి రాశావంటే ఊరుకోను. నీకన్నా ఎనిమిదేళ్లు పెద్దదాన్ని, నిన్ననే రెండు బుట్టల వేరుశనగ ఒలిచాను. ఒక్క గింజ కింద పడలేదు. తప్పంతా ఆ నీలం పెట్టెది. ఆ ఓంగ్ అనేవాణ్ణి గట్టిగా నిలదియ్యి. నీది మెతక నోరు. "దయచేసి" అంటూ మొదలుపెడతావు, నాకు తెలుసు.

ఇంకో మాట. మాత్ర ఇప్పటికీ సోయా పాలతోనే మింగుతున్నావా? పాలలో నూనెలో వేయించిన పిండి కడ్డీ ముంచుకుంటూ, మధ్యలో మాత్ర గుటుక్కుమనిపిస్తూ. టీవీలో ఒక డాక్టరమ్మ చెప్పింది, ఏ మందైనా మంచినీళ్లతోనే వేసుకోవాలట. ఆ పాలు వెంటనే మానెయ్.

వెంట్రుకల సంగతి. పెయిజెన్ వాళ్లమ్మ కావ్‌సియుంగ్ నుంచి కరెంటు మిషను వాణ్ణి తెస్తానంటోంది. "ఇప్పుడందరూ అలాగే చేయిస్తున్నారు పెద్దమ్మగారూ," అంది నాతో. నేను నవ్వి ఊరుకున్నాను. నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఆ బిడ్డ తల మీద పడదు, ఇది ఖాయం. మాత్సు అమ్మవారి గుడిలో నలుగురి ముందూ చెప్పేశాను కూడా.

ఒంటికి బలం అని మన రాళ్ల మీద కోసిన సముద్రపు పాచి పెద్ద మూట పంపుతున్నాను. రోజూ పులుసు పెట్టుకో.

ఆ ఓంగ్‌కి పెళ్లాం ఉందా?

అక్క

---

తైనాన్,
ఏప్రిల్ 3

అక్కకి,

పాచి మూట అందింది. విప్పగానే షాపంతా మన ఊరి వాసన కొట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ థైరాయిడ్ వాళ్లు అది రోజూ గిన్నెలు గిన్నెలు తాగకూడదట, డాక్టరు ఎప్పుడో చెప్పాడు. నాలుగు రేకులు ఉంచుకుని మిగతాది ఓంగ్ గారికి ఇచ్చాను. ఊరికే ఏమీ ఇవ్వలేదులే. నా ఆకుపచ్చ పెట్టె కోసం ఆయన పడుతున్న పాట్లు చూడలేకపోయాను. ఆయనకి భార్య పోయి చాలా ఏళ్లయింది, వంట తనే చేసుకుంటాడు. మొన్న బదులుగా పెళ్లి కేకుల పెట్టె ఇచ్చాడు. ఎర్ర డబ్బా, బంగారు రంగు అక్షరాలు, లోపల నువ్వుల పిండి కేకు. చాలా బాగుంది. రోజుకో ముక్క తింటున్నాను.

ఈలోగా నేనే ఊరంతా తిరిగాను. పడమటి గుడి దగ్గర కొత్త షాపులో ఒక కుర్రాడు "ఏదైనా ఒకటే అమ్మమ్మా, లోపల మందు అదే," అన్నాడు. "అయితే నీ పెళ్లికి నీ తల గొర్రెల కత్తెరతో కత్తిరిస్తాను బాబూ, లోపల ఇనుము అదే," అన్నాను. వెనకాల వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. మందు మాత్రం దొరకలేదు. ఇంకో చోట ఆకుపచ్చ పెట్టె ఉంది గానీ, అది వాళ్ల పక్క క్లినిక్ రోగులకే దాచారట. నేను అద్దంలోంచి దాన్ని చూసి వచ్చేశాను.

చివరికి ఓంగ్ గారే పింగ్‌తుంగ్‌లో తన స్నేహితుడి షాపు నుంచి తెప్పిస్తానన్నాడు. వచ్చే వారం వస్తుంది. ఇక నుంచి నా కోసం విడిగా తీసి పెడతాడట.

నీ మాట ప్రకారం సోయా పాలు మానేశాను. మాత్ర మంచినీళ్లతోనే. పొద్దున్నే నోరు చప్పగా చచ్చింది.

సూహున్

---

మాగోంగ్,
ఏప్రిల్ 14

సూహున్‌కి,

పెళ్లి కేకులు! ఈ ముక్క పాచి మూటకీ గొర్రెల కత్తెరకీ మధ్యలో ఇరికించి రాస్తావా? సిగ్గు పడ్డావని అర్థమైంది. పెళ్లి కుదిరితే మగపెళ్లివారు పంపే పెట్టె తీసుకుని, రోజుకో ముక్క తింటున్నావంటే ఒప్పుకున్నట్టే కదే. ఈ అక్కని ఒక్క మాట అడగాలనిపించలేదా? అయినా కోపం లేదు. మీ ఆయన పోయి పన్నెండేళ్లయింది. ఆ ఓంగ్ వంట చేసుకుంటాడు, మందులు తెలుసు, నీ కోసం ఊళ్లు గాలిస్తున్నాడు. ఇంకేం కావాలి? గుడి దగ్గర చెప్పాను, అందరూ సంతోషించారు. చిహావ్ మాత్రం "నానమ్మా, ముందు చిన్న నానమ్మని అడిగి చెప్పు," అన్నాడు. మగవాళ్లకి ఇలాంటివి తెలియవు.

ఇక మందు. నువ్వు ఆ పింగ్‌తుంగ్ మీద ఆశ పెట్టుకుని కూర్చుంటావని నేనే రంగంలోకి దిగాను. గుడి వాకిట్లో మాతో పొద్దున్నే డ్యాన్సు చేసే ఆడవాళ్లలో సగం మంది థైరాయిడ్ మాత్రలు మింగుతున్నారట! ఇన్నాళ్లూ ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలియదు. అందరినీ మాత్రలు పట్టుకు రమ్మన్నాను. అమ్మవారి ముందు బల్ల మీద రంగుల వారీగా పోశాం. ఆకుపచ్చవి ఉన్నవాళ్లు నీ కోసం ఇచ్చారు, వాళ్లకి మిగతావాళ్లు తమ నీలం, తెలుపు వాటిలోంచి సర్దారు. ఎవరికీ లోటు రాకుండా నేనే దగ్గరుండి పంచాను. అందరూ "గ్వాతెంగ్ ఉంటే ఏ పనైనా ఇట్టే అయిపోతుంది," అన్నారు.

నీ వాటా బిస్కెట్ డబ్బాలో పంపుతున్నాను. పైన వేరుశనగ వేశాను, కింద మాత్రలు. ఏరుకో.

ముహూర్తం ఎప్పుడు?

అక్క

---

తైనాన్,
ఏప్రిల్ 25

అక్కా!

ఆ కేకులు ఓంగ్ గారి అమ్మాయి పెళ్లి కుదిరినందుకు పంచినవి! మందుల షాపుకి వచ్చే ప్రతివాళ్లకీ ఇచ్చాడు. కూ మాస్టారికీ ఇచ్చాడు. ఆయనకీ పెళ్లి అంటావా? మన దీవి నుంచి నిన్న ఒకామె ఇక్కడికి వచ్చి, నా షాపులో కూర్చుని "వరుడెక్కడ?" అని అడిగింది. సరిగ్గా ఆ క్షణాన ఓంగ్ గారు నీ డబ్బా పట్టుకుని లోపలికి వచ్చాడు. భూమి చీలితే బాగుండుననిపించింది.

ఆయన డబ్బా ఎందుకు పట్టుకొచ్చాడంటే, నేనే చూడమని ఇచ్చాను. వేరుశనగలు ఏరి మాత్రలు కాగితం మీద పోసి, ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇవి ఎవరివి?"

"అమ్మవారి గుడి డ్యాన్సు వాళ్లవి."

"వాళ్లిప్పుడు ఏం మింగుతున్నారు?"

"ఒకళ్లవి ఒకళ్లు."

అక్కా, పెట్టె రంగు ఒకటే అయినా లోపల డోసులు వేరు. ఒకరిది ఒకరు వేసుకుంటే ఒకామె నిద్రపోతుంది, ఇంకొకామె గుండె పరుగెత్తుతుంది. ఈ ఉత్తరం అందగానే అందరినీ హెల్త్ సెంటరుకి తీసుకెళ్లు. ఇంకా ఆలస్యం చెయ్యకు. నేను ఒక్కటి కూడా మింగలేదు.

నా సంగతి చెప్పాలంటే చెయ్యి రావడం లేదు. ఓంగ్ గారు తెప్పించిన ఆకుపచ్చ పెట్టె మాత్రలే రెండు వారాలుగా వేసుకుంటున్నాను. అవే, అచ్చం పాతవే. అయినా వణుకు తగ్గలేదు, పెరిగింది. నిద్ర లేదు. బెలూనుకి నురగ పూసి కత్తితో గీయడం నాకు మా గురువమ్మ నేర్పింది, నేను ఎందరికో నేర్పాను. ఈ వారం నేను పట్టిన ప్రతి బెలూనూ పేలింది. పక్క టీ కొట్టు వాళ్లు పండగేమిటని అడిగారు.

కాబట్టి మందు తప్పు కాదు. నా చెయ్యి అయిపోయింది. ఆ కరెంటు మిషను వాణ్ణే పిలిపించు అక్కా. నేను రాను. వచ్చి అందరి ముందూ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడలేను.

సూహున్

---

మాగోంగ్,
మే 25

సూహున్‌కి,

ఆడపిల్ల! పందొమ్మిదో తేదీన, పొద్దున. తల్లీ బిడ్డా బాగున్నారు. పెయిజెన్ బాలింతలకిచ్చే నువ్వుల నూనె కోడి పులుసు తాగలేక ముక్కు మూసుకుంటోంది. బిడ్డకి ఎంత జుట్టనుకున్నావు! నుదుటి మీదికి దిగింది. ఏడిస్తే నాక్కూడా వినపడుతోంది.

గుడి వాళ్ల సంగతి. నీ ఉత్తరం వచ్చేసరికే ఒకామె డప్పు కొడుతూ కొడుతూ డప్పు మీదే తల పెట్టి నిద్రపోయింది. ఇంకొకామె తెల్లారేలోపు గుడి మెట్లన్నీ కడిగి, ఎదురింటి మెట్లు కూడా మొదలుపెట్టింది. హెల్త్ సెంటరు నర్సమ్మ అందరినీ వరసలో కూర్చోబెట్టి రక్తం తీసింది. తర్వాత నా వైపు తిరిగి ఒక పావుగంట మాట్లాడింది. నేను చెవిటిదాన్నని ఆమెకి తెలియదు. తెలిసినా ఆపేది కాదు. ఎవరికీ ప్రమాదం లేదు, నాతో మాత్రం ఇద్దరు మాట్లాడటం మానేశారు.

మిషను వాణ్ణి పిలవమన్నావు. ఆ కాగితం పొయ్యిలో పెట్టాను. నాకు వినపడదని అందరికీ తెలుసు, ఇక చదవడం కూడా రాదనుకో. జూన్ పందొమ్మిదికి నెల. ఆ రోజు పంచే ఎర్ర రంగు గుడ్లకీ నూనె అన్నానికీ చెప్పేశాను. పెయిజెన్ వాళ్లమ్మ "మీ చెల్లెలు రావట్లేదట కదా," అని ఆరా తీసింది. ఎవరు మోశారో ఏమో. వస్తుంది అన్నాను. నువ్వు రాకపోతే ఆవిడ ముందు నేను ఎలా తలెత్తుకుంటానో ఆలోచించు.

అక్క

---

తైనాన్,
జూన్ 4

అక్కకి,

నీ ఉత్తరం చదివి రోషం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాను. చెయ్యి పనికిరాదని ఆయన నోటితో చెబితే రాసి పంపుదామని. రక్త పరీక్ష చూసి మందు ఒంట్లో మరీ ఎక్కువైపోయిందన్నాడు.

"మాత్ర మారిందా?"

"మారింది. మళ్లీ పాతదే వచ్చింది."

"దేంతో వేసుకుంటారు?"

"మంచినీళ్లతో. మా అక్క చెప్పింది."

"అంతకు ముందు?"

"సోయా పాలతో."

ఆయన కలం కింద పెట్టాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"మీ నాన్నగారు ఈ కుర్చీలో కూర్చున్న రోజుల నుంచి."

సోయా పాలు మాత్రని ఒంటికి సరిగా పట్టనివ్వవట. అంటే ఇన్నేళ్లూ తండ్రీ కొడుకులిద్దరూ నా రక్తం చూసి డోసు పెంచుకుంటూ పోయింది నా ఒక్కదానికి కాదు, నాకూ ఆ పాలకూ కలిపి. పాలు మానేసరికి మందంతా నా మీదే పడింది. మొదట్లో వచ్చిన దడ పెట్టె మారినందుకు. ఈ పెద్ద వణుకు పాలు మానినందుకు. "ఒకేసారి రెండు మారిస్తే నేనెలా కనిపెట్టేదండీ?" అని తల పట్టుకున్నాడు. మళ్లీ పాలు మొదలుపెట్టనా అంటే ససేమిరా అన్నాడు. డోసు తగ్గించాడు. ఇక ఎప్పుడూ ఒకే కంపెనీ, మంచినీళ్లు, ఖాళీ కడుపు. పెట్టె రంగు మారితే ముందు తనకి చెప్పి, కొన్ని వారాలకి రక్తం చూపించుకోవాలన్నాడు.

అక్కా, బస్సులో ఏడ్చాను. చెయ్యి పోలేదు. వయసు కాదు. ఎదురు సీటు ఆమె నాకేదో పెద్ద జబ్బు బయటపడిందనుకుని కమలాపండు ఒలిచి ఇచ్చింది.

కానీ ఒళ్లు కుదుటపడటానికి రెండు మూడు నెలలు పడుతుందట. పందొమ్మిదికి కుదరదు. నేను రానంటే నీ పరువు పోతుంది, వస్తే బిడ్డ తల. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. నువ్వు ఎలా అంటే అలా.

సూహున్

---

మాగోంగ్,
జూన్ 21

సూహున్‌కి,

ముందు చిహావ్‌ని తిట్టిన సంగతి చెప్పాలి. నీ ఉత్తరం చదివిన వెంటనే నీకు ఫోను చెయ్యమన్నాను. వాడు "నానమ్మ రావద్దంది," అని మాత్రం చెప్పి పెట్టేశాడట. మిగతాది చెప్పలేదా అంటే "ఇంకేం ఉంది?" అన్నాడు. నువ్వు ఏం అనుకుని ఉంటావో తలుచుకుంటే అన్నం దిగలేదు.

మిగతాది ఇదీ: ఒళ్లు కుదుటపడ్డాక రా, ఇక్కడ నేను చూసుకుంటాను. ముందు పంచాంగం చూసేవాడి దగ్గరికి వెళ్లాను, ఆ రోజు మంచిది కాదని చెప్పించుకుందామని. బ్రహ్మాండమైన రోజన్నాడు. మళ్లీ చూడమన్నాను. ఈ ఏడాదిలో ఇంతకన్నా మంచి రోజు లేదన్నాడు. ఆ మనిషి ఎందుకూ పనికిరాడు.

ఇక లాభం లేదని, పందొమ్మిదిన అందరూ నూనె అన్నం తింటుండగా లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. "నా చెల్లెలి మందు ఇంకా కుదురుకోలేదు. కుదురుకున్నాక వస్తుంది. అప్పుడు తీస్తుంది," అన్నాను. పెయిజెన్ వాళ్లమ్మ "నెల నిండితే తీసెయ్యాలి కదా పెద్దమ్మగారూ, మనిషిని తెచ్చాను కూడా," అంది. నిజంగానే తెచ్చింది, మూల కూర్చుని గుడ్లు తింటున్నాడు. "జుట్టే కదమ్మా, పారిపోతుందా?" అన్నాను. నాలుగో నెల నిండగానే బిడ్డ మెళ్లో బిస్కెట్ల దండ వేసి చొంగ తుడిచే వేడుక ఎలాగూ ఉంది, దాంతో కలిపి చేసేద్దామన్నాను. ఆవిడ ముఖం మాడ్చుకుంది. ఊరంతా ఈపాటికి చెప్పుకుంటూ ఉంటుంది. చెప్పుకోనీ, నాకు ఎలాగూ వినపడదు.

పాలు మానమన్నది నేనే కదా. నా నోరు మంచిది కాదు. నువ్వు ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అనుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

సెప్టెంబరులో రా.

అక్క

---

తైనాన్,
ఆగస్టు 30

అక్కకి,

రక్తం సరిగ్గా ఉంది. రాత్రి నిద్ర పడుతోంది. నిన్న కూ మాస్టారికి గడ్డం గీస్తే మధ్యలో గుర్రుపెట్టాడు, మీసం కూడా సవరించాను. బెలూన్లు పేలడం లేదని టీ కొట్టు వాళ్లు బెంగ పెట్టుకున్నారు. ఓంగ్ గారు మూడు నెలలకీ ఆకుపచ్చ పెట్టెలు నా పేరు రాసి పక్కన పెట్టాడు. అమ్మాయి పెళ్లికి క్షవరం నా దగ్గరే చేయించుకున్నాడు, ఇంక ఏమీ ఊహించకు.

పడవ టిక్కెట్టు కొన్నాను.

సూహున్

---

మాగోంగ్,
సెప్టెంబరు 24

సూహున్‌కి,

నువ్వు వెళ్లి మూడు రోజులైంది. ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను. ఎవరికీ చూపించకు, చిహావ్‌కి అసలు చూపించకు.

ఈ ఆరు నెలలూ నీ చెయ్యి మీద నాకు నమ్మకం ఉందని గుడిలో చెప్పాను, హెల్త్ సెంటరులో చెప్పాను, వియ్యాలవారి ముందు చెప్పాను. బిడ్డ తల పట్టుకుని నా ఒళ్లో కూర్చోబెట్టుకున్నది కూడా నేనే. నువ్వు కత్తి తెరిచి బిడ్డ మాడు మీద పెట్టబోతుంటే నేను కళ్లు మూసేసుకున్నాను. గట్టిగా మూసుకున్నాను. భయం వేసిందే సూహున్. అందరూ నన్నే చూస్తున్నారని తెలిసి కూడా తెరవలేకపోయాను. బిడ్డ తల కదులుతోందేమిటా అనుకుంటే, వణుకుతున్నది నా చేతులు.

నువ్వు ఎడమ చెయ్యి తెచ్చి నా చేతుల మీద పెట్టావు. ఆ చేతిలో వణుకన్నది లేదు. ఇంట్లో పాత బండరాయి మీద చెయ్యి వేసినట్టు అనిపించింది. అప్పుడు కళ్లు తెరిచాను. మొదటి గీత అప్పటికే అయిపోయింది, బిడ్డ నీ చేతి గాజుని చూసి నవ్వుతోంది.

పెయిజెన్ వాళ్లమ్మ నిన్న చిహావ్‌కి ఫోను చేసి, తన రెండో కూతురికి డిసెంబరులో కానుపు అనీ, మీ చెల్లెలు వస్తుందా అనీ అడిగింది. ఆలోచించి చెబుతానని వాడితో చెప్పించాను. మరీ వెంటనే ఒప్పుకుంటే బాగుండదు.

నువ్వు ఆ మాత్ర ఇప్పుడు వేసుకుంటున్నట్టే వేసుకో. ఆ కంపెనీ వాళ్లు మళ్లీ సరుకు ఆపితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా నాకు రాయి. పడవెక్కి వచ్చి వాళ్ల గుమ్మం ముందు కూర్చుంటాను. వాళ్లు ఏం చెప్పినా నాకు వినపడదు.

నీ అక్క
గ్వాతెంగ్